నెత్తిమీది పది మీటర్ల నీళ్లు

ఆకాశం గురించి కొత్తగా తెలుసుకోవాలనుకునే వాళ్లకు మన పుస్తకాలు చెప్పే పాఠం ఎప్పుడూ ఒకే వరసలో సాగుతుంది. మధ్యలో సూర్యుడు, చుట్టూ ఎనిమిది గ్రహాలు. చందమామ 3,84,400 కిలోమీటర్ల దూరం. సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి 8 నిమిషాల పైచిలుకు. ఆ తరవాత శ్రీహరికోట, రాకెట్లు, చంద్రయాన్. ఇందులో తప్పేమీ లేదు గాని లోటు ఒకటుంది. చూసేవాడు ఇక్కడున్నాడు, చూడవలసింది అక్కడుంది, ఈ రెంటికీ నడుమ ఏముందో ఎవరూ చెప్పరు. నడుమ ఉన్నది గాలి. ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు, దేనికోసం పైకి ఎక్కాలి, దేనికోసం కిందే ఉండి చూడొచ్చు అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ గాలిలోనే ఉంది. అందుకే ఖగోళశాస్త్రంలో మొదటి పాఠం గాలితో మొదలుపెట్టాలని నా వాదన. దీనికి కావలసిన సాక్ష్యాల కోసం అమెరికా వెళ్లనక్కర్లేదు. హైదరాబాదు తూర్పు కొసన ఈసీఐఎల్ చౌరస్తా నుంచి మల్లాపూర్, నాచారం మీదుగా హబ్సిగూడకూ, అక్కడి నుంచి ఉప్పల్‌కూ పోయే దారిలోనే చాలావరకు దొరుకుతాయి.

ముందు ఈ గాలి ఎంతుందో లెక్క కట్టాలి. అది కంటికి కనబడదు కాబట్టి లేనట్టే అనుకుంటాం. నిజానికి మన అరచేతిలో ఒక చదరపు సెంటీమీటరు మీద నిలిచిన గాలి స్తంభాన్ని, కింది నుంచి పైదాకా, తూకం వేస్తే దాదాపు ఒక కిలో ఉంటుంది. హైదరాబాదు సముద్రమట్టానికి అర కిలోమీటరు ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ కాస్త తక్కువ, అంతే. అదే బరువు నీళ్లతో తూగాలంటే పది మీటర్ల లోతు నీళ్లు కావాలి. అంటే మూడంతస్తుల మేడంత ఎత్తు నీళ్ల అడుగున కూర్చుని మనం ఆకాశం చూస్తున్నామన్నమాట. చెరువు అడుగున ఉన్న చేప గట్టుమీది మనుషులను చూసినట్టు. నీళ్లు నిర్మలంగా ఉంటే చేపకు ఏదో కనిపిస్తుంది, కానీ కనిపించిందంతా ఉన్నదున్నట్టు అనుకుంటే మాత్రం అది పొరపాటు పడుతుంది.

ఆ పొరపాటు ఎంతటిదో ఎక్స్‌రే సంగతి చూస్తే తెలుస్తుంది. నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలోనో మరెక్కడో ఛాతీకి ఎక్స్‌రే తీసినప్పుడు ఆ కిరణాలు ఒక జానెడు మందం ఒంట్లోంచి దూసుకుపోతాయి, ఎముక అడ్డొస్తే చాలావరకు ఆగిపోతాయి. జానెడు ఒంటి తరవాత ఎముకకే ఆగిపోయేవి పది మీటర్ల నీళ్లను దాటి రాగలవా? రాలేవు. ఆకాశంలో ఎక్స్‌రేలు వెదజల్లే నక్షత్రాలు ఎన్నో ఉన్నాయి, వాటిలో ఒక్కదాని కిరణం కూడా నేల దాకా రాదు. అందుకే వేల ఏళ్లు ఆకాశాన్ని చూసిన మనిషికి 1962 దాకా సూర్యుడు తప్ప ఎక్స్‌రే వెదజల్లే మరో నక్షత్రం సంగతే తెలియలేదు. ఆ ఏడు అమెరికా శాస్త్రజ్ఞులు ఒక రాకెట్‌లో పరికరం పెట్టి పంపితే వృశ్చిక రాశిలో ఒక గొప్ప ఎక్స్‌రే మూలం దొరికింది. దాన్ని కనుగొన్న రికార్డో జకోనీకి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. అన్నేళ్లూ అది అక్కడే ఉంది. మన కళ్ల లోపం గాని, బుద్ధి లోపం గాని లేదు, గాలి అడ్డుంది. ఎక్స్‌రేల సంగతి ఇలా ఉంటే, పరారుణ కిరణాల్లో ఎక్కువ భాగాన్ని గాలిలోని నీటి ఆవిరి మింగేస్తుంది. అతినీలలోహిత కిరణాల్లో ప్రమాదకరమైనవాటిని ఓజోన్ ఆపేస్తుంది. చివరికి గాలి రెండు సందులు మాత్రం ధారాళంగా వదిలింది. ఒకటి మన కంటికి కనబడే వెలుగు, రెండోది రేడియో తరంగాలు. ఈ గాలే అడ్డు లేకపోతే మనమే ఉండేవాళ్లం కాదన్నది వేరే సంగతి. మనల్ని బతికించిన దుప్పటే మన కళ్లకు గంత కట్టింది.

గంత విప్పుకోవాలంటే పైకి ఎక్కాలి. ఎంత పైకి? ఇక్కడే ఈసీఐఎల్ పక్కనున్న టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం కథలోకి వస్తుంది. టీఐఎఫ్ఆర్ అని పిలిచే ఆ సంస్థ కాస్మిక్ కిరణాల పరిశోధన కోసం వ్యవస్థాపకుడు హోమీ భాభా కాలం నుంచే బెలూన్లు ఎగరేస్తోంది. 1969లో హైదరాబాదులో దానికి స్థిరమైన చోటు ఏర్పడింది. ఇక్కడే పాలిథీన్ పొరలు అతికి బెలూన్లు తయారుచేస్తారు, ఇక్కడే హైడ్రోజన్ నింపుతారు, ఇక్కడి నుంచే వదులుతారు. ఆ పొర మందం దాదాపు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. కిరాణా కొట్టులో ఇచ్చే కవరు దీనికంటే దళసరి. ఎగరేసేటప్పుడు చూస్తే బెలూన్ బెలూన్‌లా ఉండదు. పై కొసన కాస్త ఉబ్బు, మిగతాదంతా చీర కుచ్చెళ్లలా ముడతలు పడి వేలాడుతూ ఉంటుంది. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి లోపలి వాయువు వ్యాకోచిస్తుంది. నలభై కిలోమీటర్లకు చేరేసరికి ఆ కుచ్చెళ్లన్నీ విప్పుకుని గుండ్రని పెద్ద బుడగ అవుతుంది. 2005 ఏప్రిల్ 20న ఇక్కడి నుంచి ఎగరేసిన బెలూన్ ఘనపరిమాణం 2 కోట్ల 67 లక్షల ఘనపు అడుగులు. పూర్తిగా ఉబ్బితే అడ్డుకొలత వంద మీటర్లు దాటుతుంది. ఒక చార్మినార్ మీద ఇంకో చార్మినార్ నిలబెట్టినా దాదాపు పట్టేంత.

అది చేరిన ఎత్తు 41 కిలోమీటర్లు. ఉప్పల్ నుంచి వరంగల్ దారిలో భువనగిరి ఎంత దూరమో ఇంచుమించు అంత. బస్సులో గంట ప్రయాణం. కానీ నిలువుగా అంత దూరం పోతే ఏమవుతుందో చూడండి. అక్కడి గాలి ఒత్తిడి నేలమీది ఒత్తిడిలో నాలుగు వందలో వంతు. పది మీటర్ల నీళ్లు కాస్తా రెండున్నర సెంటీమీటర్లకు, అంటే రెండు వేళ్ల మందానికి తగ్గిపోతాయి. ఆ మాత్రం నీళ్లను గట్టి ఎక్స్‌రేలు సులువుగా దాటుతాయి. భువనగిరి దూరంలో ఆకాశం గంత విప్పేస్తుంది. ఈ ఒక్క లెక్క మనసుకు పట్టినవాడికి అంతరిక్ష పరిశోధన ఎందుకు మొదలైందో వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

1960ల చివరి నుంచి హైదరాబాదు బెలూన్లు ఆ వృశ్చిక రాశి మూలాన్నీ, హంస రాశిలో కృష్ణబిలంగా పేరుపడ్డ సిగ్నస్ ఎక్స్-1నూ ఎక్స్‌రేలలో పరిశీలించాయి. అద్దం ఒక మీటరు అడ్డుకొలత ఉన్న పరారుణ దుర్భిణిని ఇక్కడి నుంచి పలుమార్లు ఎగరేసి, కొత్త నక్షత్రాలు పుట్టే ధూళి మేఘాలను చూశారు. తరవాత జపాన్ శాస్త్రజ్ఞుల పరికరాన్ని దానికి అమర్చి, ఆ మేఘాల్లోని కార్బన్ పరమాణువులు వెదజల్లే ప్రత్యేకమైన పరారుణ కాంతిని కొలిచారు. హైదరాబాదునే ఎంచుకోవడంలో ఇంకో కిటుకుంది. ఈ ఊరు భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం అంతరిక్షం నుంచి వచ్చే తక్కువ శక్తి కణాలను పక్కకు నెట్టేస్తుంది కాబట్టి పరికరంలో అనవసరపు గోల తగ్గుతుంది. ఆ అయస్కాంత క్షేత్రాన్ని ఉప్పల్ రోడ్డులోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ 1960ల నుంచి రోజూ కొలుస్తూ ఉంది. ఒకే రోడ్డున పోయే జనం ఈ రెండు సంస్థల గేట్లకూ ఏ సంబంధమూ ఊహించరు. అది వాళ్ల తప్పూ కాదు, చెప్పినవాళ్లు లేరు.

ఇప్పుడు ఒక ఆక్షేపణ. ఉపగ్రహాలు వచ్చాక కూడా బెలూన్లెందుకు? జెట్ విమానం ఉండగా ఎడ్లబండి ఎందుకన్నట్టుంది గదా అనొచ్చు. ఆక్షేపణలో పస లేకపోలేదు. బెలూన్ పైన ఉండేది గంటల లెక్కన, ఉపగ్రహం ఉండేది ఏళ్ల లెక్కన. ఎక్స్‌రే ఖగోళశాస్త్రంలో ఇవాళ పెద్ద పనులన్నీ ఉపగ్రహాలే చేస్తున్నాయి, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ ఉపగ్రహంలో పెట్టిన పరికరం చెడిపోతే దాన్ని కిందికి దింపి బాగుచేయలేం. బెలూన్‌లో పంపింది పారాచూట్ కట్టుకుని దిగి వస్తుంది. స్క్రూలు బిగించి, లోపం సరిచేసి మళ్లీ పంపొచ్చు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ మన దేశపు మొదటి ఖగోళ ఉపగ్రహం. అందులో టీఐఎఫ్ఆర్ వారి పెద్ద ఎక్స్‌రే పరికరం ఉంది. ఆ తరహా పరికరాలు అంతకుముందు ఏళ్ల తరబడి హైదరాబాదు బెలూన్ల మీదే రాటుదేలాయి. ఎడ్లబండి మీద నేర్చుకున్న బరువు లెక్కే విమానంలోనూ పనికొచ్చిందన్నమాట.

ఇంకొకరు అడగొచ్చు, 41 కిలోమీటర్లు అంతరిక్షమే కాదు గదా, అంతరిక్షం 100 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందని చదివామే అని. నిజమే, కార్మాన్ రేఖ అని దానికో పేరు కూడా ఉంది. అమెరికాలో కొందరు 80 కిలోమీటర్లకే గీత గీశారు. ఎవరెక్కడ గీసినా అది మనుషులు పొలానికి పెట్టుకున్న గట్టులాంటిది. గాలి అక్కడ ఆగిపోదు. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కూడా పలచటి గాలి తగులుతూనే ఉంటుంది. ఆ రాపిడికి అది కొద్దికొద్దిగా కిందికి జారుతుంది, అప్పుడప్పుడు ఇంజన్లు మండించి పైకి నెట్టవలసి వస్తుంది. కాబట్టి ఇది ఆకాశం, ఇది అంతరిక్షం అని రెండు గదులు లేవు. మన ముక్కు దగ్గర చిక్కగా ఉన్నది పైకి పోయేకొద్దీ పలచబడుతూ పోతుంది, అంతే.

ఈ పలచటి గాలిలో ప్రాణం ఉంటుందా? ఆ ప్రశ్నతోనే 2005 బెలూన్ ఎగిరింది. 2001లో ఒకసారి జరిగిన ప్రయోగానికి అది రెండో విడత. ఖగోళవేత్త జయంత్ నార్లీకర్ ప్రధాన పరిశోధకుడు, ఇస్రో నడిపింది. 459 కిలోల పరికరంలో, గాలి పూర్తిగా తీసేసి సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసిన 16 స్టీలు గొట్టాలు ఉన్నాయి. వాటిని 38 కిలోల ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. ఆ చలికి గొట్టం తెరవగానే బయటి గాలి దానంతటదే లోపలికి వచ్చి గడ్డకడుతుంది. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య వేరువేరు ఎత్తుల్లో గాలి పట్టి, పారాచూట్‌తో దింపారు. ఆ గాలిని ఉప్పల్ రోడ్డులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ, పుణేలోని అలాంటి సంస్థే అయిన ఎన్‌సీసీఎస్‌లోనూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పరీక్షించారు. 12 బాక్టీరియా, 6 శిలీంధ్రాల సమూహాలు పెరిగాయి. వాటిలో 9 అప్పటికే భూమ్మీద తెలిసిన జాతులకు 98 శాతానికి మించి దగ్గర. మూడు బాక్టీరియాలు మాత్రం శాస్త్రానికి కొత్త. వాటికి పేర్లు పెట్టిన తీరు ముచ్చటగా ఉంటుంది. ఒకదానికి ఖగోళవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఆర్యభటుడి పేరు. ఈ మూడూ తమ దగ్గరి చుట్టాల కంటే అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకున్నాయి.

2009 మార్చిలో ఇస్రో ఈ సంగతి ప్రకటించగానే ఇవి వేరే లోకం నుంచి వచ్చాయా అన్న ప్రశ్న లేచింది. జీవబీజాలు అంతరిక్షం నుంచి భూమికి రాలాయన్నది హాయిల్ ఎప్పటి నుంచో చెప్పిన మాట, నార్లీకర్ ఆయన శిష్యుడు. అయినా ఇస్రో ప్రకటన ఒళ్లు దగ్గర పెట్టుకునే మాట్లాడింది. ఈ జీవులు భూమికి వెలుపలివని ఈ ప్రయోగం తేల్చలేదని అందులోనే ఉంది. నా దృష్టిలో తీర్పు ఇంకా స్పష్టంగానే ఇవ్వొచ్చు. అవి మన భూమివే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అతినీలలోహిత కిరణాలను తట్టుకున్నాయి కాబట్టి పై లోకానివి అనడం తలకిందుల తర్కం. అంత ఎత్తున తట్టుకోలేనివి చచ్చిపోతాయి, తట్టుకున్నవే మన గొట్టంలో పడతాయి. జల్లెడలో మిగిలిన గింజ పెద్దదైతే చేనంతా పెద్ద గింజలే పండిందనలేం. పైగా వాటి జన్యువులు భూమ్మీది కుటుంబాల్లోనే చక్కగా ఇమిడిపోయాయి. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం తరవాత వచ్చింది. ఆర్యభటుడి పేరు పెట్టుకున్న బాక్టీరియా కొరియాలో సోయాచిక్కుడు వేళ్ల దగ్గరి మట్టిలో కనిపించింది. మధ్య భారతంలో సోయా, గోధుమ పండే నేలల్లోనూ కనిపించింది. మొక్క ఎదుగుదలకు తోడ్పడుతుందని దానిమీద వ్యవసాయ పరిశోధనలు కూడా జరుగుతున్నాయి. ఆకాశంలో మొదట దొరికింది గాని, అది చేలో పుట్టి గాలికి పైకి లేచిందనుకోవడమే తేలిక.

అయితే ప్రయోగం వృథా అయినట్టేనా? నాకు అలా తోచదు. మట్టిలోని జీవం ఎంత ఎత్తుకు ఎక్కగలదో ఆ ప్రయోగం చూపింది. భూమ్మీది జీవం 41 కిలోమీటర్ల ఎత్తులోనూ చావకుండా ఉండగలదంటే, రేపు అంగారకుడి మీద ఏదైనా జీవం కనిపిస్తే మొదట అడగవలసిన ప్రశ్న ఒకటి తేలింది: అది అక్కడిదా, మనం పంపిన యంత్రానికి అంటుకుని పోయిందా? కోరుకున్న జవాబు రాకపోయినా సరైన ప్రశ్న దొరకడం శాస్త్రంలో చిన్న లాభం కాదు.

మూడో ఆక్షేపణ మామూలు జనానిది, న్యాయమైనది కూడా. ఇదంతా సరే, ఉప్పల్ చౌరస్తాలో నిలబడి చూస్తే మెట్రో స్తంభాలు, హోర్డింగుల దీపాలు, స్టేడియంలో మ్యాచ్ ఉంటే ఆ ఫ్లడ్‌లైట్లు. నక్షత్రాలు ఎక్కడున్నాయి అంటారు. ఇది కొత్త బాధ కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నిజామియా వేధశాలకు పునాది వేశారు. 15 అంగుళాల దుర్భిణి ఇంగ్లండు నుంచి తెప్పించారు. తరవాత బేగంపేటకు మారిన ఆ వేధశాల, ప్రపంచ దేశాలు కలిసి మొదలుపెట్టిన ఆకాశ పటం పనిలో తన వంతు వచ్చిన ఆకాశపు పట్టీని ఫొటో పలకల మీద పట్టి లక్షల నక్షత్రాల స్థానాలు లెక్కగట్టింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఊరు పెరిగింది, వెలుగు పెరిగింది. చివరికి 48 అంగుళాల పెద్ద దుర్భిణిని ఊరికి దూరంగా జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. 1968లో మొదలైన ఆ వేధశాల మీదుగానే 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నడిచింది. గ్రహణమప్పుడే సూర్యుడి చుట్టూ ఉండే కరోనా ఎందుకు కనబడుతుంది? తక్కిన రోజుల్లో మన గాలి సూర్యకాంతిని చెదరగొట్టి ఆకాశమంతా నీలం పులిమేస్తుంది, ఆ వెలుగులో కరోనా మునిగిపోతుంది. రాత్రి మన వీధిదీపాలకూ ఆ గాలి అదే పని చేస్తుంది. దీపం కాంతి పైకి పోతే పోయేది, గాలీ దుమ్మూ దాన్ని తిప్పి మన కళ్లలో కొడతాయి. కాబట్టి ఉప్పల్ ఆకాశంలో చుక్కలు కనబడకపోవడమే నా పాఠానికి ఒక ఉదాహరణ.

అయినా అన్నీ పోలేదు. చందమామ, శుక్రుడు, గురుడు, శని నగరపు నడిబొడ్డున మిద్దెమీంచి కూడా కనిపిస్తాయి. చలికాలం రాత్రుల్లో లుబ్ధకం అనే సిరియస్ నక్షత్రం ఉంటుంది, ఆకాశంలో అన్ని నక్షత్రాల్లోకీ ప్రకాశవంతమైనది. అది అప్పుడే తూర్పు దిక్కున పైకి వస్తున్నప్పుడు చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు చిమ్ముతూ అదిరిపోతూ ఉంటుంది. రెండు మూడు గంటలాగి నడినెత్తి వైపు ఎక్కాక మళ్లీ చూడండి, చాలా నెమ్మదిస్తుంది. నక్షత్రం మారలేదు. దిగంతం దగ్గర చూసే కాంతి నడినెత్తి కాంతి కంటే దాదాపు 40 రెట్లు ఎక్కువ గాలిని దాటి వస్తుంది, ఆ కదిలే గాలి పొరలే దాన్ని అటూ ఇటూ విరిచి ఆడిస్తున్నాయి. అదే గురుగ్రహం అంతగా మిణుకుమనదు. నక్షత్రం మనకు చుక్క మాత్రమే, గ్రహం చిన్న బిళ్ల. బిళ్లలోని ఒక అంచు వణికితే ఇంకో అంచు దాన్ని కప్పిపుచ్చుతుంది. ఏ దుర్భిణీ లేకుండా, పైసా ఖర్చు లేకుండా నక్షత్రాన్నీ గ్రహాన్నీ విడదీసే పరీక్ష ఇది. పిల్లలకు దుర్భిణి కొనిపెట్టమని నన్నడిగితే, ఒక చలికాలమంతా ఈ పరీక్ష చేయించాకే కొనమంటాను.

రేడియోలో మాట్లాడుతూ గాలి వదిలిన రెండో సందు, రేడియో తరంగాల సంగతి చెప్పకపోతే బాగుండదు. ఆకాశవాణి హైదరాబాద్ ‘ఎ’ కేంద్రం మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది, వివిధ భారతి 102.8 ఎఫ్ఎం మీద వస్తుంది. పొడుగు తరంగాలను పై గాలిలోని అయనావరణం, ముఖ్యంగా రాత్రివేళ, అద్దంలా తిప్పికొడుతుంది. అందుకే రాత్రిపూట దూరపు స్టేషన్లు బాగా పలుకుతాయి. ఒకప్పుడు సిలోన్ రేడియో తెలుగు పాటలు షార్ట్ వేవ్ మీద సముద్రం దాటి మన పల్లెలకు చేరింది ఆ అద్దం పుణ్యానే. ఎఫ్ఎం తరంగాలు షార్ట్ వేవ్ కన్నా కూడా పొట్టివి, అవి అద్దాన్ని దాటి అంతరిక్షంలోకి పోతాయి. బయటికి పోయే దారి ఉన్నప్పుడు లోపలికి వచ్చే దారి కూడా ఉంటుంది. ఆ దారినే బెంగళూరు దగ్గర బ్యాలాళులోని 32 మీటర్ల యాంటెన్నా అంతరిక్ష నౌకల మాట వింటుంది. ఆ యాంటెన్నాను 2008లో చంద్రయాన్-1 కోసం తయారుచేసింది, మన చౌరస్తాకు పేరిచ్చిన ఎలక్ట్రానిక్స్ సంస్థ, హైదరాబాదులోని ఈసీఐఎల్. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినప్పుడూ ఆ కేంద్రంతోనే మాటలు సాగాయి. ఎంత పెద్ద రాకెట్ వేసినా, చివరికి వార్త గాలి వదిలిన ఆ సందులోంచే కిందికి రావాలి.

గాలిని ఇంతసేపు అడ్డుగా చూపించాను. అదే గాలిని పనిముట్టుగా మార్చిన ఉదాహరణ కూడా ఒకటి ఈసీఐఎల్‌దే. గామా కిరణాలు ఎక్స్‌రేల కన్నా చాలా శక్తిమంతమైనవి, ఇవీ నేలకు చేరవు. కానీ గట్టి గామా కిరణం ఒకటి పై గాలిని ఢీకొంటే అక్కడ కణాల జడివాన పుడుతుంది. ఆ కణాలు గాలిలో కాంతి వేగాన్ని మించి పరిగెత్తడం వల్ల చెరెంకోవ్ కాంతి అనే నీలి మెరుపు సెకనులో వంద కోట్ల వంతుల్లో ఐదో పదో వంతులపాటు మెరిసి మాయమవుతుంది. శూన్యంలో కాంతిని ఏదీ మించదు, గాలిలో కాంతి కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ అది కుదురుతుంది. ఆ మెరుపును పట్టే 21 మీటర్ల మేస్ దుర్భిణిని లడఖ్‌లోని హాన్లేలో, 4,000 మీటర్లు దాటిన ఎత్తున, భాభా అణు పరిశోధన కేంద్రం ఈసీఐఎల్ సాయంతో నిలబెట్టింది. 2024 అక్టోబరులో ప్రారంభమైంది. అక్కడ గాలే తెర, గాలే దీపం. గాలి లేకపోతే ఆ దుర్భిణికి పనే లేదు.

చివరగా శ్రోతలకు ఒక మనవి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలాల్లో ఒక వింత డబ్బా దిగితే చుట్టుపక్కల ఊళ్ల జనం గుమిగూడారు. గ్రహాంతరవాసుల వాహనమన్న మాటా పుట్టింది. అది ఒక స్పెయిన్ కంపెనీ పరీక్ష కోసం హైదరాబాదు బెలూన్ కేంద్రం నుంచే ఎగిరి వెళ్లింది. ఈ కేంద్రం వాళ్లు బెలూన్లు ఎగరేసే కాలంలో తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక జిల్లాలకు పత్రికల్లో ప్రకటన ఇస్తారు. మీ చేలోనో చెట్టు మీదో పెద్ద రంగుల పారాచూట్‌కు వేలాడుతూ పెట్టె ఏదైనా దిగితే దాన్ని లాగకండి, విప్పకండి. లోపల హైవోల్టేజీ ఉండొచ్చు, ఏళ్ల తరబడి పడ్డ కష్టం కూడా అందులోనే ఉంటుంది. దానిమీద రాసిన చిరునామాకు కబురు చేయండి, లేదా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో పోస్టాఫీసులోనో చెప్పండి. కబురు చేసినవాళ్లకు ఖర్చులూ, తగిన బహుమతీ ఇస్తారు.